తలుపు ముందుకు జారితే!

కారు తలుపు తీయాలంటే పక్కన కాస్త జాగా ఉండాలి. ఇరుకు చోట ఆపితే పక్క బండికి తగులుతుందేమోనని ఒళ్లు కుదించుకుని దిగాల్సిందే. అమెరికన్ డిజైనర్ హోవర్డ్ డారిన్‌కి ఆ పద్ధతే నచ్చలేదు. తలుపు బయటికి కాకుండా ముందుకు జారి, చక్రం మీది మడ్‌గార్డులోకి దూరిపోతే? 1940ల్లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ అలాంటి కారు తయారుచేసేదెవరు?

కైజర్ కంపెనీకి డిజైన్లు గీసే డారిన్, చివరికి సొంత డబ్బుతో తనే పని మొదలుపెట్టాడు. రేకుతో బాడీ చేయాలంటే భారీ అచ్చులు, ప్రెస్సులు కావాలి. ఆ ఖర్చు గిట్టాలంటే వేలకొద్దీ కార్లు అమ్ముడవ్వాలి. అందుకే ఫైబర్‌గ్లాస్‌ను ఎంచుకున్నాడు. అచ్చులో గాజునూలు గుడ్డ పరిచి, రెజిన్ పట్టించి ఆరనిస్తే చాలు... గట్టి బాడీ తయార్. తుప్పు భయమూ లేదు. కాలిఫోర్నియాలో పడవలు చేసే గ్లాస్‌పార్ సంస్థ సాయం చేసింది. కైజర్‌వాళ్ల చిన్న కారు 'హెన్రీ జె' చట్రం మీద ఆ బాడీని కూర్చోబెట్టాడు.

తనకు చెప్పకుండా చేసినందుకు యజమాని హెన్రీ కైజర్ మండిపడ్డాడట. ఆయన భార్యకు మాత్రం కారు తెగ నచ్చేసిందట! మొత్తానికి 1952లో జనానికి చూపించారు. 1954లో 'కైజర్ డారిన్' పేరుతో అమ్మకానికి పెట్టారు.

చూపులకు అదిరింది. పరుగులోనే వెనకబడింది. మన మహీంద్రా జీపులకు మూలమైన విల్లీస్ కంపెనీ ఇంజినే దీనికీ పెట్టారు. శక్తి 90 హార్స్‌పవర్. అప్పటికే మార్కెట్లో ఉన్న మరో ఫైబర్‌గ్లాస్ కారు షెవర్లే కార్వెట్‌కి 150! ధరేమో 3,668 డాలర్లు. దాదాపు ఆ సొమ్ముకే పెద్ద క్యాడిలాక్ వస్తుంటే దీన్ని కొనేదెవరు? పైగా పట్టాల్లో దుమ్ము చేరితే ఆ ముచ్చటైన తలుపులు మొరాయించేవి. 435 కార్లతో తయారీ ఆగిపోయింది. 1955లో కైజర్ అమెరికాలో కార్ల తయారీకే స్వస్తి పలికింది.

డారిన్ మాత్రం వదల్లేదు. మిగిలిపోయిన కార్లు కొన్ని తనే కొని, కొన్నింటికి క్యాడిలాక్ వీ8 ఇంజిన్లు బిగించి అమ్ముకున్నాడు. ఆనాడు కొనేవాళ్లు కరవైన ఆ కారు కోసం ఇప్పుడు పాతకార్ల సేకర్తలు వేలంలో పోటీపడుతున్నారు. అమ్ముడుపోకపోవడమే దాన్ని అపురూపం చేసింది మరి!