టికెట్టు చింపితే నాలుగు ముక్కలు

ఆమధ్య అమ్మా బాపూ హన్మకొండ నుంచి వచ్చారు. ఎలాగూ వచ్చారు కదా అని ఒక పెద్ద సినిమాకి నాలుగు టికెట్లు బుక్ చేశాను. విడుదలైన మూడో రోజు, మల్టీప్లెక్స్. బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన చేతికి ఏ టికెట్టు ఇచ్చినా ముందు రేటు చూస్తాడు, తర్వాత నంబరు చూస్తాడు. ఫోన్‌లో టికెట్ అనేసరికి ఆ రెండూ ఒకచోట కనపడక కళ్ళద్దాలు పెట్టుకుని స్క్రీన్‌ని కిందికీ పైకీ జరిపాడు. చివరికి మొత్తం దగ్గర ఆగాడు. 1,921 రూపాయల 60 పైసలు.

"గీ నూట నలభై ఒకటి అరవై దేనికిరా?"

"ఆన్‌లైన్ల బుక్ చేసినందుకు ఫీజు, బాపూ. టికెట్‌కి ముప్పై అయిదు నలభై."

"బుక్ చేసింది నువ్వే గదా?"

"అవును."

"సీటు ఏరుకున్నది నువ్వే. పైసలు కొట్టింది నువ్వే. మరి వాడేం చేసిండు?"

నేను ఏడేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. అందులో మూడేళ్ళు పేమెంట్ల టీమ్‌లోనే. అయినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. "సర్వర్లుంటయి బాపూ" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. నిజానికి నాకూ తెలుసు, నాలుగు సీట్లు పట్టి ఉంచడం ఒక్కసారే జరుగుతుంది, డబ్బులు కట్టడం ఒక్కసారే, ఫోన్‌కి వచ్చే క్యూఆర్ కోడ్ కూడా ఒక్కటే. ఫీజులు మాత్రం నాలుగు. యూపీఐలో కడితే వ్యాపారి మీద పడే ఎండీఆర్ 2020 జనవరి నుంచీ సున్నా. కాబట్టి బ్యాంకు కోసుకుంటోందనే సాకు కూడా పెద్దగా నిలబడదు. టికెట్ల అమ్మకం తెరిచిన మొదటి పది నిమిషాల్లో జనం విరుచుకుపడినప్పుడు సర్వర్లు నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలియంది కాదు. కానీ ఆ ముప్పై రూపాయలు మంగళవారం మ్యాట్నీకి ఖాళీ హాల్లో సీటు తీసుకున్నా అంతే కదా.

సోమవారం ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఈ సంగతి సరదాగా చెప్పాను. అదే నేను చేసిన తప్పు.

మా టీమ్‌లో నలుగురం కలిసి తింటాం. మా లీడ్‌కి ప్రతిదాంట్లో పన్నే కనిపిస్తుంది. "జీతం మీద కోస్తారు, మిగిలిందాంతో సినిమాకెళ్తే అక్కడా కోస్తారు" అని మొదలుపెట్టాడు. మా టెస్టర్ గుంటూరు అబ్బాయి, వీరాభిమాని. ఎవరికి అనేది చెప్పను, ఆఫీసులో మళ్ళీ గొడవ. మూడో ఆమెకి థియేటర్ అంటేనే చిరాకు. "నాలుగు వారాలు ఆగితే ఓటీటీలో వస్తుంది, మీరెందుకు కొట్టుకు చస్తారు" అంటుంది. నిజం చెప్పొద్దూ, అన్నిటికంటే బలమైన వాదన ఆమెదే. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

లీడ్ లెక్క ముందు చూద్దాం. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్స్ మామూలు సీటుకి గరిష్ఠ రేటు 250, దాని మీద జీఎస్టీ. 18 శాతం అంటే 45. అందరం చూసే ఆ 295 అలా వచ్చిందే. నా సినిమాకి జీఎస్టీతో కలిపి మరో 150 పెంచుకోవచ్చని జీవో ఉంది కాబట్టి 445. నాలుగు టికెట్లు, ఫీజుల మీద పన్నుతో సహా నేను సర్కారుకి కట్టింది 293 రూపాయలు. అందులో సగం ఢిల్లీకి, సగం హైదరాబాదుకి.

ఎక్కువే. కాదనను. కానీ జీఎస్టీ వచ్చిన కొత్తలో, 2017లో, వంద దాటిన టికెట్ మీద 28 శాతం ఉండేది. 2019 జనవరి నుంచి 18 చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద లోపు టికెట్ల మీద 12 కాస్తా 5 అయింది. అంటే లెక్కప్రకారం 112 రూపాయల సీటు 105కి రావాలి. ఆ సీటు ఎక్కడుంటుందో మీకు తెలుసు, హీరో గడ్డం మాత్రమే కనిపించే మొదటి వరసలో. పన్ను ఎంతో, ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో రాసిపెట్టి ఉంది. నచ్చకపోతే తిట్టడానికైనా ఒక చిరునామా ఉంది. పాప్‌కార్న్‌నే చూడండి. 2024 డిసెంబరులో ఉప్పు వేస్తే 5 శాతం, చక్కెర పాకం పడితే 18 శాతం అన్నారు. దేశమంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ పిచ్చి లెక్క కూడా ఏ హీరో సినిమా ఆడుతున్నా ఒకటే.

నా పేచీ ఆ 150 దగ్గర. "సినిమాకో జీవో ఎందుకు?" అన్నాను.

టెస్టర్ చెంచా పక్కన పెట్టాడు. "నాలుగొందల కోట్లు పెట్టి తీస్తే రెండొందల తొంభై అయిదుకే చూపించాలా? నిన్నెవరన్నా మెడ పట్టి తీసుకెళ్ళారా?" అన్నాడు. "మా నాన్న కాలంలో మొదటిరోజు టికెట్ అంటే బ్లాకే. ఆ డబ్బంతా గేటు దగ్గర రౌడీల జేబులోకి పోయేది. ఇప్పుడు తీసినవాడికి వస్తోంది, పన్నూ కడుతున్నారు. తప్పేంటి?"

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే అది నిజం. బ్లాక్ టికెట్టువాడు జీఎస్టీ కట్టడు. పెంచిన 150లో దాదాపు 23 రూపాయలు పన్నే.

కానీ నేను అడిగింది రేటు ఎంతని కాదు, ఎవరు చెబితే పెరుగుతుందని. ఆంధ్రప్రదేశ్‌నే తీసుకోండి. 2021 ఏప్రిల్ 8న అప్పటి ప్రభుత్వం జీవో 35 ఇచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో అన్నిటికన్నా తక్కువ తరగతి టికెట్ 5 రూపాయలు. అయిదే. టీ కూడా రాదు. మర్నాడే 'వకీల్ సాబ్' విడుదల. 2022 మార్చిలో మరో జీవోతో కనీస రేటు 20 అయింది. తర్వాత సర్కారు మారింది. 2025 సెప్టెంబరులో 'ఓజీ'కి అర్ధరాత్రి దాటాక వేసే బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలు అమ్ముకోవచ్చని అనుమతి వచ్చింది. రెండు సినిమాల్లోనూ హీరో ఒకరే. మొదటిసారి ఆయన ప్రతిపక్షం, రెండోసారి ఉపముఖ్యమంత్రి. పల్లె హాలు అడుగు తరగతికీ, అర్ధరాత్రి షోకీ పోలిక కుదరదని అంటారు, ఒప్పుకుంటాను. నేను చెప్పేది రేట్ల తేడా గురించి కాదు, రెండుసార్లూ రేటు పెన్ను ఎవరి చేతిలో ఉందనే దాని గురించి.

తెలంగాణ తక్కువ తినలేదు. 2024 డిసెంబరు 4న 'పుష్ప 2' ప్రీమియర్‌కి మామూలు రేటు మీద ఇంకో 800 పెంచుకోనిచ్చారు. ఆ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. మా లంచ్ టేబుల్ దగ్గర వారం రోజులు దాని మీదే నడిచింది. ఏం మాట్లాడామో గుర్తుచేసుకుంటే సిగ్గేస్తుంది. హీరో కరెక్టా, సీఎం కరెక్టా. ఆ పిల్లాడు ఎలా ఉన్నాడని అడిగింది ఓటీటీ ఆవిడ ఒక్కర్తే. డిసెంబరు 21న ముఖ్యమంత్రి అసెంబ్లీలో ఇక బెనిఫిట్ షోలూ లేవు, రేట్ల పెంపూ లేదన్నారు. మూడు వారాలు తిరక్కుండానే సంక్రాంతి సినిమాకి పెంపు జీవో వచ్చింది. హైకోర్టు దాకా వెళ్ళాక వెనక్కి తీసుకున్నారు. తర్వాత మళ్ళీ వచ్చాయి, వస్తూనే ఉన్నాయి.

ఇదంతా చెప్పి అక్కడితో ఆపాల్సింది. నోరు ఆగలేదు. "మీలాంటి వెర్రివాళ్ళు కొంటున్నంతకాలం ఇంతే" అన్నాను టెస్టర్‌తో.

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. "నీకు సినిమా అంటే ఒక సాయంత్రం. మాకు పండగ. మీ అమ్మ బతుకమ్మకి చీర కొంటే, ఆషాఢం దాకా ఆగితే సగానికే వచ్చేది కదా అని అడుగుతావా?" అన్నాడు. బాక్స్ మూసేసి వెళ్ళిపోయాడు. రెండు వారాలు నా కార్లో ఎక్కలేదు. మెట్రోలో వచ్చాడు. పని విషయాలు మాత్రం మెసేజ్‌లో, చివర్న "థ్యాంక్స్" అని. ఎనిమిదేళ్ళ స్నేహం మాది, ఇంజనీరింగ్ మూడో ఏడు నుంచీ. వాడు నాతో "థ్యాంక్స్" అనడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు బాపుకి చెప్పాను, న్యాయం నా వైపే ఉందని చెప్తాడని. ఆయన అలా అనలేదు.

"మేం గూడ తీస్కున్నం గదరా. పండుగ స్పెషల్‌కి ఒకటిన్నర రేటు."

అవును. 2003 నాటి జీవో 16 అది. పండక్కి వేసే స్పెషల్ బస్సులకి మామూలు చార్జీ మీద సగం ఎక్కువ. ప్రతి సంక్రాంతికీ బాపు మాసిన చొక్కాతో పాటు తిట్లు కూడా మోసుకొచ్చేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేనే అడిగాను, మనవాళ్ళ దగ్గర ఎందుకు ఎక్కువ తీసుకుంటారని.

"పోయేటప్పుడు బస్సు నిండుతది, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బస్సు రావాలె. డీజిల్ రెండు దిక్కుల గాలుతది. అందుకే ఒకటిన్నర. ఆ ముచ్చట నేను సీటు సీటుకీ చెప్పేటోణ్ణి. తిట్టేటోడు తిట్టిండు, కొందరు సరే అన్నరు."

"మరి సినిమావోళ్ళు చేసేది కరెక్టే అంటవా?"

"నేను అట్లన్ననా? మాది అన్ని స్పెషల్ బస్సులకి ఒకటే జీవో. ఫలానా డ్రైవర్ నడుపుతుండని ఎక్కువ తీస్కోలే."

ఆ మాట ఆయన అన్నం కలుపుకుంటూ అన్నాడు. నేను లంచ్ టేబుల్ దగ్గర అరగంట అరిచి చెప్పలేకపోయింది అదే. మొదటి వారం రేటు ఎక్కువ ఉంటే ఉండనీయండి. ఇంత ఖర్చు దాటిన ఏ సినిమాకైనా ఇన్ని రోజులు, ఇంత అని ఒక్కసారి రాసి గోడకి అంటించండి. లేకపోతే రేటు మీద చెయ్యి పూర్తిగా తీసేయండి. నిర్మాత సచివాలయానికి వెళ్ళడం, జీవో రావడం, ఆపైన వేదికెక్కి ప్రభుత్వానికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం... చూస్తున్న మనకి అది వ్యాపారంలా కనబడదు, ఎవరో ఎవరికో చేసిన ఉపకారంలా కనబడుతుంది. ఆ ఉపకారం ఖరీదు నా దగ్గర 150, నా స్నేహితుడి దగ్గర వెయ్యి.

ఆన్‌లైన్ ఫీజుకి కూడా ఇదే వర్తిస్తుంది. ఆ ఫీజు తీసుకోవద్దని మహారాష్ట్ర ప్రభుత్వం 2013, 2014లో ఇచ్చిన ఉత్తర్వుల్ని బాంబే హైకోర్టు 2025 జులైలో కొట్టేసింది. వ్యాపారం చేసుకునేవాళ్ళ హక్కంది. సరే. హక్కే అయితే, నాలుగు సీట్లకి నాలుగుసార్లు ఎందుకో కూడా ఆ ఫీజు పక్కనే చెప్పొచ్చు కదా. బాపు సీటు సీటుకీ చెప్పాడు మరి.

టెస్టర్‌కి మెసేజ్ పెట్టాను. "వెర్రివాళ్ళు అన్నది వెనక్కి తీసుకుంటున్నా. జీవో గురించి అన్నది తీసుకోను." గంట తర్వాత జవాబు: "రేపు ఎనిమిదిన్నరకి కిందికొస్తా. పాటలు నావి." వాడి పాటలు ఎవరివో మీరు ఊహించగలరు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఒకే హీరో.

బాపు ఆ సినిమా రెండోసారి చూశాడు. మల్టీప్లెక్స్‌లో మా పక్క సీటు పిల్లాడు ఏడుస్తుంటే సగం వినపడలేదట. పెంపు గడువు అయిపోయాక, హన్మకొండలో సింగిల్ స్క్రీన్‌కి ఒక్కడే వెళ్ళాడు. కౌంటర్లో 177. అంటే 150, దాని మీద 27. ఫీజు లేదు. ఇంటర్వెల్లో నాకు టికెట్ ఫొటో పంపాడు, ముందొకటి, వెనకొకటి. రెండు వందలు ఇస్తే కౌంటర్లో పిల్లాడు ఇరవయ్యే ఇచ్చి చిల్లర లేదన్నాడట. టికెట్ వెనక బాల్‌పెన్నుతో "3" అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. కింద బాపు టైపు చేశాడు: "రాయించుకున్న. పోయేటప్పుడు తీస్కుంట."