ఓపికకూ ఒక కొలత ఉండాలి

ఇంట్లో ఒక స్త్రీకి రొమ్ము క్యాన్సర్ అని తేలగానే కుటుంబమంతా ఆమె చుట్టూ చేరుతుంది. వంటగది కోడలికి అప్పగిస్తారు. బిందె ఎత్తనివ్వరు, మెట్లు ఎక్కనివ్వరు. పరామర్శకు వచ్చిన బంధువులు సైతం ‘ఆరామ్ తీసుకో బేటీ, మంచం దిగకు’ అని చెప్పి వెళతారు. ఇదంతా ప్రేమే, సందేహం లేదు. కాని ఈ ప్రేమలో ఒక లోపం ఉంది. ఆమె ఎంత నడవగలదో, ఎంత పని చేసుకోగలదో ఎవరూ చూడరు. ఆమె ఓపిక ఎంతో అందరూ కలిసి నిర్ణయించేస్తారు.

ఆసుపత్రిలోనూ పరిస్థితి ఇందుకు పెద్ద భిన్నంగా ఉండదు. హిమోగ్లోబిన్ ఎంతో చూస్తారు. ఎత్తు, బరువు కొలిచి మందు మోతాదు లెక్కకడతారు. గుండెకు హాని చేయగల మందులు ఇచ్చేటప్పుడు ఎకో తీస్తారు. శారీరక దారుఢ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల ‘ఎలా ఉన్నారమ్మా?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతారు. దానికి జవాబిచ్చేది తరచుగా పక్కనున్న భర్తో, కొడుకో! ఆమె నోరు విప్పినా ‘బాగానే ఉన్నాను’ అంటుంది. ఇంటివారిని ఇంకా కష్టపెట్టడం ఆమెకు ఇష్టం ఉండదు.

ఇలా అడిగి, చూసి వైద్యులు రోగి స్థితికి ఒక అంకె వేస్తారు. ఈకాగ్ అనే ఆ కొలమానంలో 0 అంటే జబ్బుకు ముందులాగే అన్ని పనులూ చేసుకోగల స్థితి. 4 అంటే పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైన స్థితి. చికిత్స నిర్ణయించడానికి ఇది ఉపయోగపడుతుంది. కాని 1 అని రాసిన ఇద్దరిలో ఒకామె రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలదు, మరొకామె పది మెట్లకే ఆయాసపడుతుంది. కాగితం మీద ఇద్దరూ ఒకటే.

మరి సరైన కొలత ఏది? ముఖానికి మాస్కు పెట్టి, సైకిలు తొక్కిస్తూ లేదా ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలుగుతోందో చూడడం అన్నిటికన్నా కచ్చితమైన పద్ధతి. ఎకో గుండె సంగతి ఒక్కటే చెబుతుంది. ఈ పరీక్ష గుండె, ఊపిరితిత్తులు, రక్తం, కండరాలు కలిసి ఎంత పని చేయగలవో చెబుతుంది. అమెరికాలో 248 మంది రొమ్ము క్యాన్సర్ బాధిత స్త్రీలను ఇలా పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వ్యాయామం అలవాటు లేని అదే వయసు ఆరోగ్యవంతులతో పోల్చినా, వీరి సామర్థ్యం సగటున 27 శాతం తక్కువని తేలింది.

ఈ యంత్రం ప్రతి ఊళ్లో దొరకదు. అయితే 30 మీటర్ల వరండా, ఒక గడియారం ఉంటే ఆరు నిమిషాల నడక పరీక్ష చేయవచ్చు. రోగి తన శక్తి కొద్దీ నడుస్తుంది, అలసిపోతే ఆగవచ్చు. చివరికి ఎన్ని మీటర్లు నడిచిందో రాసుకుంటారు. చేతి ఊత లేకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలదో లెక్కపెడితే కాళ్ల బలం తెలుస్తుంది. పిడికిలి బలం కొలిచే చిన్న పరికరంతో ఆపరేషన్ అయిన వైపు చేతినీ, రెండో చేతినీ విడివిడిగా పరీక్షించవచ్చు. చికిత్సకు ముందు ఒకసారి, మధ్యలో, ముగిశాక మళ్లీ కొలిస్తేనే తగ్గిందో పెరిగిందో తెలిసేది. కీమో ఇచ్చిన మూడో రోజు ఓపికనూ, ఇరవయ్యో రోజు ఓపికనూ పోల్చి లాభం లేదు. ప్రతిసారీ తదుపరి కీమోకు ముందు కొలవడం మేలు.

కొలిచినంత మాత్రాన ఏం ఒరుగుతుందని అడగవచ్చు. కెనడాలో కీమో తీసుకుంటున్న 242 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. నడక వంటి వ్యాయామం చేసినవారి దారుఢ్యం నిలిచింది. బరువులతో వ్యాయామం చేసినవారి కండబలం పెరిగింది. అనుకున్న మోతాదులో కీమో పూర్తి చేయడంలోనూ వారే మెరుగ్గా ఉన్నారు. చెయ్యి వాచిన స్త్రీలు బరువులెత్తితే వాపు పెరుగుతుందన్న భయాన్ని 2009 నాటి మరో అమెరికా పరిశోధన తొలగించింది. శిక్షకుల పర్యవేక్షణలో, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ చేయించినప్పుడు వాపు పెరగలేదు. వ్యాయామం మందుకు బదులు కాదు. కాని ఎవరికి ఎంత వ్యాయామం చెప్పాలో తెలియాలంటే ముందు కొలవాలి కదా!

ఈ సూత్రం మనకు కొత్తదేమీ కాదు. నమాజులో నిలబడలేనివారికి కూర్చునే వెసులుబాటు ఉంది, కూర్చోలేనివారికి పడుకుని చదివే వెసులుబాటు ఉంది. ఈ రుఖ్సత్ శక్తిని బట్టి వచ్చేదే గాని జబ్బు పేరును బట్టి వచ్చేది కాదు. అయినా చికిత్స మొదలైన రోజున వేసిన కుర్చీని, చికిత్స ముగిసి ఏడాదైనా తీయని ఇళ్లున్నాయి. సజ్దా నుంచి లేవగలవా అని ఆమెను అడిగినవారెవరు?

వరండాలో నలుగురి ముందూ నడవడానికి మన స్త్రీలు బిడియపడడం సహజమే. మహిళా సిబ్బంది ఉండాలనీ, కాస్త మరుగైన చోట పరీక్షించాలనీ అడగడంలో తప్పు లేదు. కాళ్లకు అడ్డుపడని దుస్తులు, గట్టి చెప్పులు వేసుకుంటే చాలు. ఒకటి మాత్రం మరవకూడదు. జ్వరం, ఛాతీలో నొప్పి, తల తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉన్నప్పుడు పరీక్ష పెట్టకూడదు. జబ్బు ఎముకలకు పాకినవారికి వైద్యుని అనుమతి లేకుండా ఏదీ చేయించకూడదు. తక్కువ అంకె వస్తే అది ఆమె ఓటమి కాదు. సాయం ఎక్కడ కావాలో చూపే గుర్తు.

ఓపీ ముందు బారులు తీరిన జనంలో వైద్యులకు తీరిక ఎక్కడిదంటారు. నిజమే. కాని ఈ పని నర్సు గాని, ఫిజియోథెరపిస్టు గాని చేయవచ్చు; పట్టేది ఆరు నిమిషాలు. ఈసారి కీమోకు వెళ్లినప్పుడు, ఆమె ఎన్ని మీటర్లు నడిచిందో ఫైలులో రాయమని అడగండి. ‘ఎలా ఉన్నారమ్మా?’ అన్న ప్రశ్నకు జవాబు ఆమెనే చెప్పనివ్వండి. మాటల్లో చెప్పలేనిది నడిచి చూపిస్తుంది.