డ్రిల్లు పీరియడ్‌లో కదిలిందెవరు?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే తరచూ వినపడే మాట ఒకటుంది: "అడవిలో పుట్టినోళ్లు, మా పిల్లలకు వ్యాయామం దేనికి సారూ!" పెద్దల వెంట ఇప్పపువ్వు ఏరుతూ, తునికాకు కోస్తూ పెరిగిన తరం విషయంలో ఆ మాట నిజమే. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఏడాదిలో ఎక్కువ భాగం ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉంటున్నారు. పడుకునే గది, తరగతి, భోజనాల హాలు... నడక అంతవరకే. చదువు అందింది, మంచిదే. దాంతో పాటు ఏం పోయిందో మాత్రం ఎవరూ లెక్క రాసుకోలేదు.

బడి వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేలా కదలాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల్లో బడికెళ్లే పదకొండు నుంచి పదిహేడేళ్ల వాళ్ల వివరాలు తీసి 2019లో ప్రచురించారు. 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని తేలింది. మన దేశంలో సుమారు 74 శాతం. ఎముకలు గట్టిపడాల్సిన ఏళ్లు ఇవే. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. ఆ జబ్బుకు దారి ఎక్కడ మొదలవుతుందో వైద్యులకు తెలుసు.

టైంటేబుల్లో డ్రిల్లు పీరియడ్ ఉంటుంది. అందులో జరిగేది దగ్గర నుంచి చూడండి. నలభై నిమిషాల్లో వరస కట్టి హాజరు వేసేసరికి పది పోతాయి. బంతి ఒకటే. పన్నెండు మంది వాలీబాల్ ఆడతారు, మిగతా ముప్పై మంది చెట్టు కింద చేరి స్కోరు అరుస్తారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు గోడకానుకుని, చున్నీ సర్దుకుంటూ కూర్చుంటారు. ఆ పిల్లల్ని బద్ధకస్తులనే ముందు ఒక సంగతి చూడాలి: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. పరుగెత్తమనే ముందు ఐరన్ మాత్ర మింగారో లేదో అడగాలి. ఇక పదో తరగతి వాళ్లకు ఆ పీరియడ్ కాస్తా స్పెషల్ క్లాసుగా మారిపోతుంది.

చట్టంలోనూ ఓ చిల్లు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వ్యాయామ బోధకుణ్ణి ఇమ్మంటుంది, అదీ పార్ట్ టైమ్‌గా, పిల్లల సంఖ్య వంద దాటితేనే. వాగు అవతల, గుట్ట పక్కన ఉండే చిన్న బడికి వంద మంది ఎక్కణ్ణుంచి వస్తారు? అడవి అంచున ఉన్నందుకే ఆ బడికి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) లేడు.

ఇది చెబితే అధికారులు ఆనంద్‌కుమార్ పేరు ఎత్తుతారు. నిజంగా గర్వించాల్సిన పేరే. చర్ల మండలం నుంచి వచ్చిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్, మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కాడు. భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టిన పిల్లల్లో శిఖరం దాకా వెళ్లింది ఆ ఇద్దరే. ఏరి తీసే పద్ధతి అలాగే ఉంటుంది. నా దిగులు ఏరివేతలో మిగిలిపోయిన వాళ్ల గురించి.

కొత్త పథకం పెడితే సరిపోతుందా? పాఠశాలల వ్యాయామ కార్యక్రమాలపై 89 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021లో సమీక్షించింది. వాటి వల్ల పిల్లలు గట్టిగా కదిలిన సమయం సగటున రోజుకు నిమిషం కూడా పెరగలేదు. బడి వల్ల కాదని నేననను. కార్యక్రమం జరిగిందని రిజిస్టరులో రాస్తున్నాం, పిల్ల కదిలిందా అని చూడటం లేదు.

మన దగ్గర చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నాలుగైదు చిన్న బళ్లకు కలిపి ఒక పీఈటీని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వేయొచ్చు. వాలీబాల్‌తో పాటు ఖోఖో, కబడ్డీ జట్లు కట్టించొచ్చు. ఆడపిల్లలకు ట్రాక్ ప్యాంటు, వేరే గంట, వీలైతే మహిళా పీఈటీ. తనిఖీకి వచ్చే అధికారి అన్నం రుచి చూస్తారు, నోటుబుక్కులు తిరగేస్తారు. అదే రోజు గ్రౌండు పక్కన గడియారం పట్టుకుని నిలబడి, కదులుతున్న వాళ్లను, కూర్చున్న వాళ్లను విడివిడిగా లెక్కపెట్టి తనిఖీ పుస్తకంలో రాయాలి.