నవ్వులాటా? ఎగతాళా?

ఇటీవల ఒక వలీమా విందుకు వెళ్ళాము. భోజనాలయ్యాక కుర్రవాళ్ళంతా ఒకచోట చేరారు. వారిలో ఒక యువకుడు గొంతులు అనుకరించడంలో దిట్ట. మొదట సినిమా నటుల్ని, తరువాత రాజకీయ నాయకుల్ని అనుకరించాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ పైన అక్కడే కూర్చుని ఉన్న ఒక పెద్దాయన ఉర్దూను అందుకున్నాడు. ఆయన పెళ్ళికూతురి తరఫు బంధువు, కోస్తా పల్లెటూరి నుంచి వచ్చాడు. పుట్టి పెరిగిందంతా తెలుగులోనే. ‘బడా ఖాఫ్’ను ‘ఛోటా కాఫ్’ చేస్తాడు, పుంలింగాన్ని స్త్రీలింగం చేస్తాడు. యువకుడు అదంతా అచ్చు దించేశాడు. అందరూ ఘొల్లుమన్నారు. మేమూ నవ్వాము. ఆ పెద్దాయనా నవ్వాడు. కాని చేతిలోని పాన్ నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. వచ్చినప్పుడు మమ్మల్ని ఉర్దూలో ‘ఖైరియత్’ అడిగిన మనిషి, వెళ్ళేటప్పుడు తెలుగులో “వెళ్ళొస్తానండీ” అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి నుంచి మా మనసులో ఈ మాటలే తిరుగుతున్నాయి. ఒకరిని చూసి నవ్వడానికి మన భాషల్లో ఎన్ని పదాలున్నాయో! తెలుగులో వేళాకోళం ఉంది, ఆటపట్టించడం ఉంది, ఎకసెక్కెం, ఎగతాళి, వెక్కిరింత, గేలి, హేళన ఉన్నాయి. అన్నీ ఒకటి కావు. బావామరదళ్ళ మధ్య వేళాకోళం చెల్లుతుంది, హేళన చెల్లదు. ఉర్దూలోనూ అంతే. మజాక్ వేరు, తంజ్ వేరు, తమస్ఖుర్ వేరు. ‘మజాక్’ అనే మాటకు అరబీలో అసలు అర్థం ‘రుచి’. ఉర్దూలో ఇప్పటికీ సాహిత్యాభిరుచిని కూడా ఆ మాటతోనే చెబుతారు. అంటే మజాక్‌లో ఉప్పు ఎంత పడాలో తెలిసి ఉండాలన్నమాట. ఇక ‘నఖల్’ సంగతి. రిజిస్ట్రారు ఆఫీసులో మనం తీసుకునే ‘నకలు’ అదే. బజారులో అమ్మే ‘నకిలీ’ సరుకూ ఆ కుదురు నుంచే వచ్చింది. మనిషిని అనుకరించినా నఖల్ అనే అంటాము.

దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా పదకొండవ ఆయత్‌లో ఈ విషయానికి మూడు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి పరిహసించడం, రెండవది లమ్జ్ అంటే ఎత్తిపొడవడం, మూడవది చెడ్డ మారుపేర్లు తగిలించడం. పురుషులకు చెప్పిన తరువాత స్త్రీలను ప్రత్యేకంగా ప్రస్తావించి వారికీ చెప్పబడింది. ఎవరిని చూసి నవ్వుతున్నారో వారే మీకన్న మేలైనవారు కావచ్చునన్న హెచ్చరిక ఉంది. లమ్జ్ గురించి చెప్పేటప్పుడు, ‘ఇతరులను’ అనకుండా ‘మిమ్మల్ని మీరే’ ఎత్తిపొడుచుకోవద్దన్న పదాలు వాడబడ్డాయి. హుమజా సూరాలో హమ్జ్, లమ్జ్ రెండూ జంటగా వస్తాయి. వీటిలో ఏది నోటితో చేసేది, ఏది కంటితో, చేతితో చేసేది అన్న విషయంలో వ్యాఖ్యాతలకు భేదాభిప్రాయాలున్నాయి. ఏదైనా, కనుబొమ్మ ఎగరేయడం కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

అనుకరణ గురించి స్పష్టమైన హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టిదనాన్ని సూచిస్తూ ఒక మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రం నీళ్ళే మారిపోతాయని దైవప్రవక్త (స) అన్నారు. అప్పుడే ఆమె ఇంకొక వ్యక్తిని అనుకరించి చూపగా, ఎంత ఇచ్చినా సరే తాను ఎవరినీ అలా అనుకరించడం ఇష్టపడనని చెప్పారు. అక్కడ వాడిన అరబీ క్రియ ‘హికాయత్’కు చెందినది. మనం ఉర్దూలో ‘కథ’ అనే అర్థంలో వాడే హికాయత్ అదే.

అలాగని నవ్వు నిషిద్ధమని కాదు. మా ఉస్తాదుల్లో కొందరు పెదవి విప్పితే పాపమన్నట్టుండేవారు. అది ధర్మం కాదు, వారి స్వభావం. సవారీ కోసం ఒంటెనడిగిన మనిషికి ఒంటె పిల్లనిస్తానని దైవప్రవక్త (స) అన్నారు. పిల్లతో నేనేం చేయనని అతడు తెల్లబోతే, ప్రతి ఒంటే ఒక ఒంటెకు పిల్లే కదా అన్నారు. అందులో అబద్ధం లేదు, ఎవరి అవయవమూ లేదు, ఎవరి యాసా లేదు.

మారుపేర్ల గురించి మదర్సా విద్యార్థులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. హదీసు ఉల్లేఖకుల్లో ‘అఅరజ్’ అంటే కుంటివాడు, ‘అఅమష్’ అంటే నీళ్ళు కారే కళ్ళవాడు అన్న పేర్లున్నాయే, మరి ఆ సంగతేమిటని. గుర్తు పట్టడానికి ఆ పేరే ప్రసిద్ధమైనప్పుడు, కించపరిచే ఉద్దేశం లేనప్పుడు ఉలమాలు అనుమతించారు. మన వీధుల్లో ‘నత్తి’, ‘పొట్టి’, ‘కుంటి’ అని పేరుకు ముందు తగిలించేది అందుకోసమేనా? మూసా (అలై) తన నాలుక ముడి విప్పమని ప్రార్థించారు. మాట సరిగా చెప్పలేడని ఆయనను చిన్నబుచ్చినవాడు ఎవరో అందరికీ తెలుసు: ఫిరౌన్.

ఇక మన యాసల గొడవ. హైదరాబాదీలు బడా ఖాఫ్‌ను ‘ఖే’గా పలుకుతారని, ‘నక్కో’ అంటారని, ‘హౌ’ అంటారని ఉత్తరాదివారు నవ్వారు. 1965లో వచ్చిన ‘గుమ్‌నామ్’ చిత్రంలో మహమూద్ ఆ యాసతోనే దేశమంతటినీ నవ్వించాడు. తెలుగు సినిమాలో సాయిబు పాత్ర నోరు విప్పితే విరిగిన తెలుగే రావాలి. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడే మన పిల్లలను కూడా బడిలో అదే యాసతో పలకరిస్తారు. ఇంత తిన్నాక మనమేం చేశాము? ఎవరి దగ్గర దెబ్బ తిన్నామో వారికి తిరిగి ఇవ్వలేక, కోస్తా నుంచి, పల్లెల నుంచి వచ్చిన మన సోదరులకు ఇచ్చాము. దూదేకుల వారి మీద సామెతలు చెప్పుకుని నవ్వేవారిలో నమాజీలు లేరా? ఉర్దూ రాకపోతే ఈమాన్‌లో లోటున్నట్టు మాట్లాడేవారు ఎందరో. ఆ ఉర్దూ కూడా లక్నోలో నవ్వులపాలయ్యేదే.

దించడం కళ కాదని మేము అనడం లేదు. ఓరుగల్లు వాసి నేరెళ్ళ వేణుమాధవ్ ఆ కళతోనే 2001లో పద్మశ్రీ అందుకున్నారు. హైదరాబాదులో 1962 నుంచి ‘జిందా దిలానే’ పెద్దలు హాస్యాన్ని ఒక సాహిత్యంగా నడిపారు. వేదికపై పెద్దవాడిని అనుకరించడం వేరు, పక్కనే కూర్చుని ఎదురు చెప్పలేని అతిథిని అనుకరించడం వేరు.

ఆ యువకుడిని పిలిపించి మాట్లాడాము. మంచి కుర్రవాడే. అంతా తలవంచుకుని విని, చివర నెమ్మదిగా “హజ్రత్, మీరూ నవ్వారు కదా!” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

పెళ్ళివారి దగ్గర ఆ పెద్దాయన ఫోను నంబరు తీసుకున్నాము. ఈ రోజు జుమా నమాజ్ అయ్యాక ఇద్దరం కలిసి ఫోను చేయాలనుకున్నాము. మాట్లాడేది తెలుగులోనే.