ప్రకృతి, క్లోజప్ ఫొటోలపై అభిప్రాయం చెప్పే పద్ధతి గురించి తీర్మానం

స్థలం: వీపనగండ్ల, వనపర్తి జిల్లా
సభ: ఈ ప్రాంతంలో ప్రకృతి ఫొటోలు తీసే ఔత్సాహికుల సర్వసభ్య సమావేశం

తొలకరి పడగానే చెలకల్లో ఆరుద్ర పురుగు బయటికి వస్తుంది. జిల్లేడు చెట్టు మీద చారల గొంగళిపురుగు, వేరుశనగ చేని గట్టున తూనీగ, కృష్ణ ఒడ్డున నీటి పక్షులు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి. ఫోనుకు తగిలించే చిన్న లెన్సుతో బడిపిల్లలు కూడా నేడు వీటిని ఫొటో తీయగలుగుతున్నందున;

ఆ ఫొటోలకు మన మధ్య దక్కుతున్న మాట చాలాసార్లు ‘సూపర్’ దగ్గరో, ‘బాగాలేదు’ దగ్గరో ఆగిపోతున్నందున; మొదటి మాటతో నేర్చుకునేదేమీ లేక, రెండో మాటతో కొత్తవారికి ఉత్సాహం చచ్చిపోతున్నందున;

క్లోజప్‌లో వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం కాంతి, లెన్సుల స్వభావం వల్ల వచ్చేవే. పురుగు దాని అసలు కొలతలోనే కెమెరా సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్లినప్పుడు, స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. లోతు పెంచాలని లెన్సు రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను మరీ చిన్నది చేస్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం గుండా పోయే కాంతి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మసకబారుతుంది. కారణం తెలిస్తే ఇలాంటివి ఎవరైనా దిద్దుకోగలరు కనుక;

ఫొటో ఎంత బాగున్నా, తీసిన తీరు సరిగా లేకపోతే దాని విలువ నిలవదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009 అగ్ర బహుమతి పొందిన తోడేలు ఫొటోను, అది మచ్చిక చేసిన జంతువే అయి ఉంటుందన్న నిర్ధారణతో 2010లో పోటీ నుంచి తొలగించారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన ఫొటోలోని చీమలు తినే జంతువు, చచ్చిన జంతువు తోలులో దూది కూరి నిలబెట్టిన బొమ్మేనని నిపుణులు తేల్చగా 2018లో ఆ బహుమతినీ వెనక్కి తీసుకున్నారు. తీసిన తీరును అడగడం అభిప్రాయం చెప్పేవారి బాధ్యత అయినందున;

ఈ సభ కింది విధంగా తీర్మానించింది.

1. ఫొటో మీద ఎవరు మాట్లాడినా మూడు సంగతులు చెప్పాలి: ఫొటోలో ఏది నిలిచింది, ఏ ఒక్కటి మారితే మెరుగవుతుంది, అది మారాలంటే ఈసారి ఏం చేయాలి. మూడోది చెప్పలేనప్పుడు రెండోది చెప్పకూడదు. కొత్తవారికి ఒకేసారి పది లోపాలు చూపకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక్కటి చెప్పి, మిగతావి తర్వాతి ఫొటోలప్పుడు చెప్పాలి.

2. ముందు తీసినవారు మాట్లాడాలి. ఏం చూపించాలనుకున్నారు, ఏ వేళ తీశారు, ఎంత దూరం నుంచి తీశారు అన్నవి విన్నాకే మిగతావారు నోరు విప్పాలి. మాట ఫొటో మీదనే ఉండాలి. మనిషి మీద, వయసు మీద, కెమెరా ధర మీద మాట పోకూడదు. పిల్లల ఫొటోలను చూసేటప్పుడు వారి పంతులు గానీ, ఇంటి పెద్దలు గానీ పక్కన ఉండాలి.

3. సలహా చేతిలో పెట్టినట్టు స్పష్టంగా ఉండాలి. ఆరుద్ర పురుగు ఫొటోలో ఎరుపు పొంగిపోయి ఒంటి మీది నూగు కనబడకపోతే, ‘రంగు ఎక్కువైంది’ అని వదిలేయకుండా, ఎక్స్‌పోజర్ తగ్గించి తీయమని, ఎడిటింగ్‌లో రంగు మరింత పెంచవద్దని చెప్పాలి. రెక్కలు చాచిన సీతాకోకచిలుకలో ఒక రెక్కే స్పష్టంగా ఉంటే, కెమెరాను రెక్కలకు సమాంతరంగా పెట్టమనాలి. తూనీగ కళ్లు మసకగా ఉంటే ఫోకస్ కళ్ల మీద పెట్టమని, గాలి తక్కువగా ఉండే పొద్దుటి పూట వెళ్లమని చెప్పాలి. ఫ్లాష్ వెలుగు పురుగు వీపు మీద తెల్లటి మచ్చగా పడితే ఫ్లాష్ ముందు బటర్ పేపర్ కట్టుకోమనాలి. వెనక గడ్డిపోచలు గజిబిజిగా ఉంటే, ఒక అడుగు పక్కకు జరిగి చూడమనాలి.

4. ప్రాణికి హాని చేసి తీసిన ఫొటోను ఈ సభ మెచ్చుకోదు, ప్రదర్శనలో పెట్టదు. కదలకుండా ఉండాలని పురుగును ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో కొమ్మకు అంటించడం, గూటి ముందు ఆకులు తుంచి పిల్లలను ఎండకూ కాకులకూ వదలడం ఈ కోవలోకి వస్తాయి. తీతువు గుడ్లు నేల మీద రాళ్లలో రాళ్లుగా ఉంటాయి కాబట్టి, దగ్గరికి వెళ్లడమే ప్రమాదం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుంది. దసరాకు పంజరంలో పెట్టి తిప్పే పాలపిట్ట ఫొటోలకూ ఈ నియమమే వర్తిస్తుంది. అది మన రాష్ట్ర పక్షి; దాన్ని చెట్టు మీదో, కరెంటు తీగ మీదో ఎగిరే స్వేచ్ఛతో ఉండగానే చూడాలి, తీయాలి. తెలియక చేసినవారిని గద్దించకుండా, కారణం వివరించి చెప్పాలి.

5. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో తీసిన ఫొటోలైతే, అటవీ శాఖ అనుమతి, నియమాల మేరకే తీశారా అని ముందుగా అడగాలి.

6. ప్రతి ఫొటో కింద ప్రాణి పేరు మన ఊళ్లో పిలిచే పేరుతో రాయాలి. శాస్త్రీయ నామం తెలిస్తే జోడించాలి, తెలియకపోతే ఊహించి రాయకూడదు. పేరు గుర్తుపట్టడంలో సాయం చేయడం కూడా అభిప్రాయంలో భాగమే. పేరు తెలిస్తే ఆ గొంగళిపురుగు ఏ ఆకు తింటుందో, ఎప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అప్పుడు ఫొటో కూడా మెరుగవుతుంది.

7. ఫొటో తీసినవారు ఎడిటింగ్‌లో ఏం మార్చారో దాచకుండా చెప్పాలి. సలహాను పాటించాలా వద్దా అన్నది వారి ఇష్టం. అయితే అదే ప్రాణిని మళ్లీ తీసినప్పుడు పాత ఫొటోనూ పక్కన పెట్టి చూపాలి. అభిప్రాయం పనికొచ్చిందో లేదో సభకు తెలిసేది అప్పుడే.

8. డగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని 1839లో ఆగస్టు 19న ప్రపంచానికి వెల్లడించిన గుర్తుగా జరిపే ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నుంచి ఈ పద్ధతి అమలులోకి వస్తుంది. ఈ తీర్మానం ప్రతులను మండలంలోని ఉన్నత పాఠశాలలకు పంపాలి.

చర్చ అనంతరం పై తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. కొత్తగా చేరే ప్రతి సభ్యునికీ, సభ్యురాలికీ దీన్ని మొదటి రోజునే చదివి వినిపించాలని, సభ్యులలో ఎంత అనుభవమున్నవారి ఫొటోకైనా ఇవే నియమాలు వర్తిస్తాయని సభ స్పష్టం చేసింది.