అయిదేళ్ళవాడికి ఆక్యుపేషన్ ఏమిటండీ?

ఈ శీర్షికలో ఇంతవరకూ ఇంటి అప్పులనీ, కంప్యూటర్ వైరస్‌లనీ, కారు ఇన్సూరెన్సులనీ నాకు తోచింది రాస్తూ వచ్చాను. ఈసారి నాకు బొత్తిగా సంబంధం లేని విషయం ఎత్తుకుంటున్నాను. సంబంధం లేకపోయినా ఒకసారి సలహా ఇచ్చి, ఒక కుటుంబాన్ని ఆరు నెలలు వెనక్కి లాగాను కనుక ఆ బాకీ తీర్చుకోవాలి.

మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల మా మిత్రుడి కుటుంబం ఉంటుంది. (వాళ్ళను అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం అడగకండి.) వాళ్ళబ్బాయికి పుట్టుకతోనే కుడిచెయ్యి, కుడికాలు కాస్త పట్టు తక్కువ. నడుస్తాడు, పరిగెడతాడు, మాటలకైతే అంతే లేదు. ఇక్కడి అలవాటు ప్రకారం అయిదో పుట్టినరోజు అవగానే బడిలో చేరాడు. ఒక టర్మ్ గడిచాక బడి నుంచి ఒక కాగితం వచ్చింది. విద్యాశాఖ తరఫున ఆక్యుపేషనల్ థెరపిస్ట్ వచ్చి పిల్లవాణ్ణి చూస్తారు, అందుకు తల్లిదండ్రుల సంతకం కావాలి అని.

ఆ ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మిత్రుడు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా అన్నయ్యా! అయిదేళ్ళవాడికి ఉద్యోగమేమిటి?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆపైన నేను సర్వజ్ఞుడిలా గొంతు సవరించుకుని, "సంతకం పెట్టకు. ఒకసారి రికార్డులోకి ఎక్కితే ఆ ముద్ర జన్మలో పోదు. డేటాబేస్‌లు నా వృత్తి, నాకు తెలుసు" అన్నాను. గుంటూరు నుంచి వచ్చి ఉన్న వాళ్ళమ్మగారు కూడా, "వాడికేం నాయనా, కుడిచేత్తో తినడం అలవాటు చేస్తే అదే దారికొస్తుంది" అన్నారు. కాగితం వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద రెండు టర్ములు ఉండిపోయింది.

ఆ రెండు టర్ముల్లో పిల్లవాడి లంచ్ బాక్సు చాలా రోజులు నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. అడిగితే "ఆకలి లేదమ్మా" అనేవాడు. పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు వాళ్ళమ్మ ఇంట్లో ఆ బాక్సు వాడి ముందు పెట్టి తియ్యమంది. మూత రాలేదు. ఒక చేత్తో బాక్సు పట్టుకుని రెండో చేత్తో లాగాలి, ఆ రెండో చేతికి అంత బలం లేదు. అందరి ముందూ టీచర్‌ని అడగడం నామోషీ. అందుకని పస్తు. ఆ రాత్రి ఆ తల్లి ఎవరినీ సలహా అడగకుండా సంతకం పెట్టేసింది.

థెరపిస్ట్ వచ్చి పిల్లవాణ్ణి వేరే గదిలోకి తీసుకెళ్ళలేదట. తరగతిలో ఓ మూల కూర్చుని చూసింది, భోజనాల వేళా చూసింది. కుర్చీ ఎత్తెక్కువ, కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. ఒళ్ళు కుదురుగా లేకపోతే చెయ్యి ఎలా కుదురుతుంది? ఎడమచేత్తో రాస్తుంటే కాగితం జారిపోతోంది. కాళ్ళ కింద ఒక పీట వేయించింది. కాగితం కింద జారని చాప ముక్క పెట్టించింది. బాక్సు మార్పించింది. ఏం చెయ్యాలో టీచర్‌కీ, టీచర్ ఎయిడ్‌కీ నేర్పి వెళ్ళింది.

తర్వాత ఇంటికొచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో ఎలా తింటాడు?" మామ్మగారు ఎడమచేత్తో అన్నం తినకూడదన్న మన ఆచారం చెప్పారు, కోడలు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ వాదించలేదు. "కుడిచేతికి పని ఇద్దాం, కాకపోతే సాయం చేసే పని" అంది. ఎడమచేతిలో చెంచా, కుడిచెయ్యి కంచం పట్టుకోవాలి. ఇంకో పని మామ్మగారే కనిపెట్టారు. పచ్చిబఠాణీలు ఒలిచేటప్పుడు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటారు. కాయ కుడిచేత్తో పట్టుకోవాలి, ఎడమచేత్తో ఒలవాలి.

ఇక మా మిత్రుడి ప్రశ్నకు జవాబు. ఈ వృత్తిలో ఆక్యుపేషన్ అంటే జీతం వచ్చే పని కాదు, మనిషి తన రోజు గడపడానికి చేసుకునే ప్రతి పనీ. పిల్లలకైతే ఆడుకోవడం, రాయడం, బొత్తాలు పెట్టుకోవడం, టాయిలెట్‌కు వెళ్ళడం, బాక్సు మూత తియ్యడం. ఫిజియోథెరపిస్ట్ ప్రధానంగా కండరాలనూ కదలికలనూ చూస్తే, వీరు ఆ పని ఎక్కడ ఆగుతోందో చూస్తారు. పిల్లవాణ్ణి బడికి తగ్గట్టు మార్చడం ఒక్కటే కాదు, బడినీ పిల్లవాడికి తగ్గట్టు సర్దుతారు. ర్యాంపు కట్టాలన్నా, టాయిలెట్‌లో పట్టుకునే కడ్డీ బిగించాలన్నా, రాయలేని పిల్లకు కంప్యూటర్ కావాలన్నా వీరి సిఫార్సుకు బలముంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఎవరైనా తప్పు బటన్ నొక్కితే ముందు వాళ్ళ తెలివినే అనుమానిస్తాం. తీరా చూస్తే తప్పు మేం గీసిన తెరలో ఉంటుంది. ఇదీ అంతే.

ఇది ఎవరో దయతలచి చేసేది కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ ప్రభుత్వ బడుల్లో అందరితో సమానమైన హక్కు ఉందని న్యూజిలాండ్ 1989 విద్యాచట్టం చెప్పింది, 2020లో వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది. అమెరికాలో 1975 చట్టం నాటినుంచీ ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద 'భవిత' కేంద్రాలు ఇలాంటి పిల్లల కోసమే నడుస్తున్నాయి. అక్కడి బంధువులకు ఈ మాట చెప్పండి.

మరి ఎలా అడగాలి? ముందు క్లాస్ టీచర్‌ని, ఆ తర్వాత బడిలో లెర్నింగ్ సపోర్ట్ చూసేవారిని కలవండి. విద్యాశాఖ థెరపిస్టులు అవసరం ఎక్కువగా ఉన్న పిల్లలకే వస్తారు. చేతిరాత బాగాలేదన్నంత మాత్రాన రారు. అలాంటప్పుడు ఫ్యామిలీ డాక్టర్ ద్వారా ఆసుపత్రివారి పిల్లల విభాగానికి ప్రయత్నించవచ్చు, లేదా సొంత ఖర్చుతో చూపించుకోవచ్చు. నాలుగేళ్ళ పిల్లలకు ఉచితంగా చేసే 'బీ ఫోర్ స్కూల్ చెక్' మాత్రం వదులుకోకండి.

రికార్డు భయం సంగతి. ప్రైవసీ చట్టం ప్రకారం పిల్లల గురించి రాసినది చూడమని అడిగే హక్కూ, తప్పుంటే దిద్దమనే హక్కూ మనకున్నాయి. నా డేటాబేస్ పాండిత్యం అక్కడ తేలిపోయింది. అయితే ఇంకా రెసిడెన్సీ రానివాళ్ళ భయం ఉత్తిది కాదు. పెద్ద ఎత్తున ప్రత్యేక విద్యాసహాయం అవసరమయ్యే పిల్లలుంటే ఇమ్మిగ్రేషన్ ఆరోగ్య నిబంధనల దగ్గర చిక్కు రావచ్చు. అలాంటివారు నాలాంటి ఆదివారం సలహాదారుల్ని కాక, లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్‌ని అడగండి. మా మిత్రుడికి ఆ చిక్కూ లేదు. అప్పటికే రెసిడెంట్లు. ఆలస్యం కేవలం నా మాట వల్ల జరిగింది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు క్షమించమన్నాను. మిత్రుడు "పోనీలే అన్నయ్యా" అన్నాడు. వాళ్ళావిడ మాత్రం ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఆరు నెలల పస్తు ఆమెకు గుర్తుండడం న్యాయమే.

మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అలాంటి కాగితం ఏదైనా ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అది తీసి చదవండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.