కుంకుళ్ల సీమలో షాంపూ కవర్ల చెత్త

పాడేరు: అడవిలో ఏరిన కుంకుడు కాయలను సంతకు తెచ్చి అమ్మిన మహిళ, అదే సంతలో షాంపూ ప్యాకెట్ల సరం కొని ఇంటిముఖం పట్టడం మన్యంలో వింతేమీ కాదు. ప్యాకెట్‌లోని ద్రవం ఒక్క తలస్నానంతో సరి. కవరు మాత్రం వాగు ఒడ్డునో, బోరు చప్టా పక్కనో ఏళ్ల తరబడి పడి ఉంటుంది.

ప్యాకెట్ షాంపూకు పుట్టినిల్లు తమిళనాడులోని కడలూరు. అక్కడి చిన్ని కృష్ణన్ దీనికి ఆద్యుడు. ఆయన కుమారుడు సి.కె.రంగనాథన్ 1983లో నెలకొల్పిన సంస్థ ‘చిక్’ షాంపూతో దానిని పల్లెపల్లెకూ చేర్చింది. సీసా మొత్తానికి ఒకేసారి సొమ్ము పెట్టలేని కూలీ కుటుంబానికి అది మేలే చేసింది. ఆ సంగతి విస్మరించి ప్యాకెట్‌ను నిందించడం న్యాయం కాదు.

చిక్కంతా కవరు తయారీలోనే..

వేర్వేరు రకాల ప్లాస్టిక్ పొరలను, కొన్నింటిలో పలుచని అల్యూమినియం రేకును కలిపి అతికించి ఈ కవరును తయారు చేస్తారు. ఆ పొరలను తిరిగి విడదీయడం కష్టం. అందుకే పాత సామాన్ల వ్యాపారి ఖాళీ సీసా కొంటాడు గానీ కవరు ముట్టడు. వందల సంఖ్యలో ఏరినా కిలో తూగవు. పంచాయతీల సంపద తయారీ కేంద్రాల్లో తడి చెత్త ఎరువవుతుంది, కవర్లు మూటలుగా మిగులుతాయి. సిమెంటు కర్మాగారాలకు ఇంధనంగా పంపవచ్చు. కానీ కొండల మీది నుంచి రవాణా ఖర్చు ఎవరు భరించాలి? చివరకు అవి చేరేది నీళ్లు కాచే పొయ్యిలోకే. ఆ పొగ పీల్చేదీ ఇంటివారే.

2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు గుట్కా, పాన్‌మసాలా వంటి వాటికి ప్లాస్టిక్ ప్యాకెట్లను నిషేధించాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్‌పై వేటు పడింది. షాంపూ ప్యాకెట్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 2022 ఫిబ్రవరి నాటి ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలు బహుళ పొరల కవర్లలో 2024-25లో 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైక్లింగ్ జరగాలని నిర్దేశించాయి. అయితే కంపెనీ అమ్మిన చోటే చెత్త ఏరాలన్న నియమం లేదు. రీసైక్లింగ్ కేంద్రాల నుంచి ధ్రువపత్రాలు పొందితే లెక్క సరిపోతుంది. నగరంలో లక్ష్యం పూర్తయినా మన్యం వాగులో కవరు కదలదు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. ద్రవ షాంపూలో అధిక భాగం నీరే. ఆ నీటిని తొలగించి సబ్బులా పోత పోస్తే చుట్టడానికి కాగితం చాలు. ధర కూలీకి అందాలంటే చిన్న బిళ్లలుగా రావాలి. బట్టల సబ్బు బారును ముక్కలు కోసి అమ్మిన కిరాణా కొట్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. సీసా తీసుకెళ్లి నూనె కొలిపించుకున్నట్లే షాంపూనూ నింపించుకోవచ్చుననే వాదన ఉంది. అయితే సౌందర్య ఉత్పత్తులకు బ్యాచ్ సంఖ్య, గడువు తేదీతో లేబుల్ తప్పనిసరి. కొట్టు యజమాని విడిగా పోసి అమ్మితే చిక్కులు తప్పవు.

ఇక కుంకుడు సంగతి. తొక్కలోని సపోనిన్ వల్లనే నురుగు వస్తుంది. 1956లో ఏర్పడిన విశాఖ కేంద్రంగా గల గిరిజన సహకార సంస్థ కుంకుడు, శీకాయలను గిరిజనుల నుంచి కొనుగోలు చేస్తోంది. అయినా కొట్టి, నానబెట్టి, పిండుకునే తీరిక తెల్లవారకముందే పనికి వెళ్లే మహిళకు ఎక్కడిది? కంట్లో పడితే మంట సరేసరి. పొడిగా అమ్మవచ్చు గానీ కాగితం పొట్లంలో వానాకాలం చెమ్మకు గడ్డ కడుతుంది. ముందుగా తేలవలసింది ఈ పొట్లం సమస్యే.

ఆ పరీక్షకు ఆశ్రమ పాఠశాలలు అనువైన చోటు. ఒకే ప్రాంగణంలో వందలాది విద్యార్థులుంటారు. ఒక్క తలంటు రోజున అన్ని వందల కవర్లు చెత్తలో చేరుతాయి. పెద్ద డబ్బాతో షాంపూ గానీ, డబ్బాలో కుంకుడు పొడి గానీ సరఫరా చేస్తే ఆ కవర్ల అవసరమే ఉండదు. కాయలు కొనే సంస్థ, పాఠశాలలు నడిపే శాఖ రెండూ ప్రభుత్వానివే.